మోటారు కూత ఆపడానికి పళవేర్కాడు ప్రయాణం

పురసవాక్కంలో నాకు కుక్కర్లు, మిక్సీలు బాగుచేసే చిన్న అంగడి ఉంది. సేఫ్టీ వాల్వు పోయిన చోట చింతపండు ముద్ద అదిమి వండుకునేవాళ్ళను ముప్పై ఏళ్ళుగా చీవాట్లు పెడుతున్నాను. ఈ ప్రయాణంలో నేను చేసిన నిర్వాకం చదివాక వాళ్ళలో ఎవరైనా అంగడికొచ్చి బాకీ తీర్చుకోదలచుకుంటే రావచ్చు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మూసి ఉంటుంది.

మా ఆవిడ తమ్ముడు సుకుమార్‌కు సౌకార్‌పేటలో ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం. బకెట్లు, మగ్గులు, బట్టలు ఆరేసే క్లిప్పులు, క్యారీబ్యాగులు. నీళ్ళతో అతని పరిచయం బకెట్ అంచు దాకే. అలాంటివాడు రెండు నెలల కిందట పళవేర్కాడులో, అంటే పులికాట్ సరస్సు ఒడ్డున, ఒక పాత ఫైబర్ పడవ కొన్నాడు. వెనకాల తగిలించే మోటారు ఒకటి దానితో వచ్చింది. ఆ రోజు నుంచి అతని ఫోనులో ఫొటో మారింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కదలని పడవలో నిలబడి, దూరంగా దేన్నో చూస్తున్నట్టు ఉంటాడు.

గురువారం నాకు ఫోను చేశాడు.

"బావా, మోటారు ఒకటే కూస్తా ఉండాది. స్పీడు పెంచితే చాలు, కుయ్యిమని చెవులు పోతా ఉండాయి."

పడవ మోటారును నేను జన్మలో ముట్టుకోలేదు. ఆ మాట చెప్పి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ముగిసేది. కానీ బావ అన్న తర్వాత తెలియదని ఎలా అంటాం? "లోపల బజరు ఉంటుంది. దాని వైరు కట్ చెయ్యి" అన్నాను.

శుక్రవారం మళ్ళీ చేశాడు. "కూత ఆగిపోయింది బావా! నువ్వు దేవుడివి." రెండు క్షణాలు ఆగి, "అయితే కొంచెం దూరం పోయినాక దానంతట అదే నెమ్మదిస్తా ఉండాది. ఆదివారం ఒంటిగంటకు మా మామగారింటోళ్ళు పిల్లలతో వస్తా ఉండారు. బోటు ఎక్కిస్తానని చెప్పేసినా. నువ్వు పొద్దున్నే వచ్చి ఒక చూపు చూసి పో" అన్నాడు.

దేవుడికి భయం పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది రూతమ్మ. ఆమె వ్యాసర్పాడిలో ఉంటుంది, నలభై ఐదేళ్ళ మనిషి. తండ్రి రైల్వే యార్డులో ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక కాశిమేడు రేవులో పడవ మోటార్లు బాగుచేసేవాడట. ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకుంది. ఆయన పోయాక ఆ పని ఆమెదయింది. రబ్బరు రింగుల కోసం నా అంగడికి వస్తుంటుంది. అడగగానే సరేనంది. సుకుమార్‌కు మాత్రం, "నాతో ఒకామె వస్తుంది, పనిముట్లు పట్టుకోవడానికి" అని చెప్పాను. నాది అబద్ధమని అనకండి. ఆమె పనిముట్లు పట్టుకున్న మాట నిజమే.

ఆదివారం పొద్దున ఆరూ పదికి ఇల్లు వదిలాను. ఆ వేళకు పురసవాక్కం హైరోడ్డులో నగల కొట్లన్నీ షట్టర్లు దించి, ముందు వరసలో కుక్కలను పడుకోబెట్టుకుని ఉంటాయి. సెంట్రల్ దాకా ఆటో. లోకల్ రైళ్ళ స్టేషను పక్కనే ఉంది. పొన్నేరికి టికెట్టు పది రూపాయలు. ఆరూ యాభై గుమ్మిడిపూండి బండిలో కిటికీ సీటు దొరికింది. ఆదివారం కాకపోతే ఆ మాట ఆశించకండి.

బేసిన్ బ్రిడ్జిలో రూతమ్మ ఎక్కింది. ఒక చేతిలో బరువైన గోనెసంచి, ఇంకో చేతిలో ఫ్లాస్కు. కూర్చోగానే అడిగింది.

"కూత ఎట్లొస్తా ఉందన్నా? విడిచి విడిచా, ఆగకుండానా?"

"ఏదైతే ఏం? కూతే కదా?"

ఆమె నావైపు ఒకసారి చూసి ఫ్లాస్కు మూత తిప్పింది. "చంటిబిడ్డ ఆకలికి ఒక రకంగా ఏడుస్తాది, కడుపునొప్పికి ఒక రకంగా ఏడుస్తాది. మోటారూ అంతే. నేను చూసిన వాటిల్లో శానా మటుకు విడిచి విడిచి కూస్తే ఆయిలు తక్కువ, ఆగకుండా కూస్తే వేడి ఎక్కువ. కంపెనీని బట్టి మారతాది. ఇప్పుడెట్లుంది?"

"ఇప్పుడు కూయడం లేదు" అన్నాను. ఎందుకు కూయడం లేదో చెప్పలేదు. కొరుక్కుపేట గేటు దగ్గర నిలబడ్డ లారీలను శ్రద్ధగా చూశాను.

ఎదురు సీటులో పేపరు చదువుతున్న పెద్దాయన మా తెలుగు విని తల ఎత్తాడు. మీంజూరులో కూతురింటికి పోతున్నాడట. "పళవేర్కాడుకా? ఫ్లెమింగోలు చూసేదానికా సార్?" అని అడిగాడు.

"కాదండీ, పడవ మోటారు రిపేరుకు."

"అట్లనా. మీరు మెకానిక్కా?"

"ఏదో, కొంచెం" అన్నాను వినయంగా. రూతమ్మ టీ తాగుతూ దగ్గింది. వేడిగా ఉందేమో అనుకున్నాను.

ఎన్నూరు దాటాక పొగగొట్టాలు, బూడిద, ఉప్పుగాలి. ఎనిమిదికి పొన్నేరిలో దిగాం. స్టేషను బయట హోటల్లో పొంగలు, వడ తిన్నాం. పొంగలు బాగుంది. వడ నిన్నటిది. ఎనిమిదీ ఇరవైకి పళవేర్కాడు బస్సు. మెట్ల మీద నిలబడ్డ కండక్టరు "ఉళ్ళే పోంగ, ఉళ్ళే పోంగ" అంటూ అందరినీ లోపలికి నెట్టాడు. లోపల అప్పటికే చేపల బుట్టలు సీట్లలో ఉన్నాయి. వాటివాళ్ళు నిలబడి ఉన్నారు. నేనూ నిలబడ్డాను. రూతమ్మ గోనెసంచిని నిలువుగా పెట్టి దానిమీద కూర్చుంది. నలభై ఐదు నిమిషాల ప్రయాణంలో నా కాలిమీద ఒక రొయ్యల బుట్ట నీరు కారుస్తూనే ఉంది.

తొమ్మిదీ ఐదుకు దిగి, వంతెన కిందుగా ఒడ్డు వెంబడి పది నిమిషాలు నడిచాం. సుకుమార్ రేకుల షెడ్డు ముందు నిలబడి చేతులూపాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, బంగారు రంగు వాచీ.

"రా బావా! సెమ సూపరుగా ఉండాది కదా ఈడ?" అని, రూతమ్మతో, "ఆ సంచి ఆడ పెట్టమ్మా" అన్నాడు.

ఆమె పెట్టింది. చీర కొంగు బిగించి నేరుగా మోటారు దగ్గరికి నడిచింది. నేను వెనకాల చేతులు కట్టుకుని, ఆమెకు సూచనలు ఇస్తున్న మనిషిలా ముఖం పెట్టుకున్నాను.

ముందు తాళంచెవి పెట్టి ఒక్క మెట్టు తిప్పింది. చెవి దగ్గరగా పెట్టి విన్నది. మళ్ళీ తిప్పింది.

"దీనికి తాళం తిప్పంగానే ఒక్క కూత రావాల. నేనుండాను, బాగుండాను అని చెప్పేదానికి. రాలేదు" అంటూ పైమూత ఎత్తి లోపల వేలుపెట్టి వెతికింది. రెండు ముక్కలైన సన్నటి వైరు బయటికి లాగి చూపించింది. "ఇదో. గొంతు కోసేసినారు. ఏ తెలివైనోడు చేసినాడో!"

సుకుమార్ నావైపు చూశాడు. నేను సరస్సువైపు చూశాను. ఫ్లెమింగోలు లేవు.

"నేనే కట్ చేసినా. శబ్దం ఎక్కువగా ఉండాదని..." అన్నాడు సుకుమార్. నా పేరు చెప్పలేదు. బావమరిదిలో అంత మర్యాద ఉందని ఆ రోజే తెలిసింది. అయినా ఆ మర్యాదకు బదులుగా నేను నోరు విప్పలేదు.

"తమ్ముడూ, ఈ కూత నీ మీద కోపంతో వచ్చేది కాదు. లోపల ఇంజను కాలిపోతా ఉందని చెప్పేదానికి" అంటూ ఆమె వైరు అతికించి, టేపు చుట్టింది. తాళం తిప్పితే మోటారు చిన్నగా ఒక్కసారి కూసింది. వలలు బాగుచేసుకుంటున్న ముగ్గురు ముసలివాళ్ళు తలలెత్తి చూసి, "మళ్ళీ వచ్చిందిరా పిల్లనగ్రోవి" అన్నట్టు తమిళంలో ఏదో అనుకుని నవ్వుకున్నారు.

తర్వాత ఆమె చెయ్యి మోటారు ముందుభాగంలో ఒక ఎర్రటి గుండీ దగ్గర ఆగింది. గుండీ కింద ఒక ఆకుపచ్చ బట్టల క్లిప్పు కరిచి ఉంది.

"ఇదేంది?"

"అది నా ఐడియా" అన్నాడు సుకుమార్ గర్వంగా. "పడవతో వచ్చిన తాడు పోయింది. అది లేకపోతే మోటారు స్టార్టు కాదు. మన అంగడి క్లిప్పు పెడితే సరిపోయింది. డజను తెచ్చి పెట్టినా."

రూతమ్మ క్లిప్పు పీకేసింది. గుండీ టక్కున లోపలికి దిగింది. ఆమె సంచిలోంచి పాత ఎర్రతాడు ఒకటి తీసింది. స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉంది. ఒక చివర గుండీ కింద ఇమిడే చిన్న బిళ్ళ, రెండో చివర కొక్కెం.

"దీన్ని కిల్ స్విచ్ అంటారు. బిళ్ళ ఈడ, కొక్కెం నీ బెల్టుకు. నువ్వు నీళ్ళల్లో పడితే తాడు లాక్కుంటాది, బిళ్ళ ఊడతాది, మోటారు ఆగిపోతాది. క్లిప్పు పెడితే నువ్వు పోయినా మోటారు పోతానే ఉంటాది. అర్థమయిందా?"

"అయింది, అయింది."

షెడ్డులో లైఫ్ జాకెట్లు ఆరు ఉన్నాయి. పాతబడకుండా ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. రూతమ్మ ఒకటి తొడుక్కుని నాకొకటి ఇచ్చింది. సుకుమార్ వద్దన్నాడు. తెల్లచొక్కా కనబడదట.

పది గంటలకు పడవ నీళ్ళలోకి దిగింది. సుకుమార్ వెనక మోటారు పిడి పట్టుకున్నాడు. నేను మధ్యబల్ల మీద, రూతమ్మ ముక్కుభాగంలో ముందుకు తిరిగి. అక్కడక్కడ నీళ్ళలో వలల గుంజలు నాటి ఉంటాయి, వాటిని చూసి చెప్పాలి. మోటారు అంటుకుంది. దాని పక్కనుంచి సన్నటి నీళ్ళధార కారింది.

"ఆ ధార చూస్తా ఉండండి" అని రూతమ్మ వెనక్కి తిరిగి అరిచింది. "సరస్సు నీళ్ళు లోపలికి పోయి ఇంజనును చల్లబరిచి అట్లా బయటికొస్తాయి. ధార బాగుంటే మోటారు బాగున్నట్టు. ఇప్పుడు చిన్నపిల్లోడు పోసినట్టు ఉంది. చాలదు. నెమ్మదిగా పో."

యాభై గజాలు పోయాక సుకుమార్ ఒడ్డున ఉన్న ముసలివాళ్ళకు చెయ్యి ఊపడానికి లేచాడు. తాడు బిగుసుకుంది, బిళ్ళ ఊడింది, మోటారు ఆగింది. సుకుమార్ తాళం తిప్పాడు. ఇంజను గరగరమని తిరుగుతోంది, అంటుకోవడం లేదు. అందరూ నావైపు చూశారు. అందరూ అంటే సుకుమార్.

"ప్లగ్గులు తడిసి ఉంటాయి" అన్నాను. "లేకపోతే పెట్రోలు పైపులో గాలి. కార్బొరేటరు కూడా కావచ్చు. మొత్తం విప్పాలి."

రూతమ్మ బల్లలు దాటుకుని వచ్చి, వేలాడుతున్న బిళ్ళను గుండీ కింద దోపి, మళ్ళీ ముందుకు వెళ్ళి కూర్చుంది. తాళం తిప్పగానే మోటారు అంటుకుంది. ఆమె ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంకో వంద గజాలకు సుకుమార్ సెల్ఫీకి చెయ్యి చాచాడు. మళ్ళీ ఆగింది. ఈసారి ఒడ్డు నుంచి ముసలివాళ్ళ నవ్వు నీళ్ళమీదుగా స్పష్టంగా వినబడింది. సుకుమార్ ముఖం నల్లబడింది. బెల్టు నుంచి కొక్కెం విప్పి, తాడు అడుగున పారేసి, జేబులోంచి ఇంకో ఆకుపచ్చ క్లిప్పు తీసి గుండీ కింద పెట్టాడు. నావైపు చూసి కన్ను కొట్టాడు.

నేను చూశాను. రెండు అడుగుల దూరంలో కూర్చుని చూశాను. రూతమ్మకు చెప్పడానికి నోరు తెరిస్తే, "నీ పనామె మాట నీకెందుకు బావా" అంటాడు. ఆమె పనామె కాదని అప్పుడు చెప్పాల్సి వస్తుంది. అందుకని నేనూ చిన్నగా నవ్వాను.

కొంచెం దూరం పోయాక మోటారు కూత మొదలుపెట్టింది. ఆగకుండా, ఒకే శ్రుతిలో. ధార పూర్తిగా ఆగిపోయింది. మోటారు దానంతట అదే నెమ్మదించింది.

"ఆపేయ్!" అంది రూతమ్మ. సుకుమార్ తాళం తిప్పి ఆపాడు. ఆమె వచ్చి మోటారును పైకి వంచింది. క్లిప్పు కనబడకుండా సుకుమార్ దానిమీద చెయ్యి ఆనించి పెట్టాడు. నీళ్ళు పీల్చుకునే జల్లెడ మీద ఒక పల్చటి క్యారీబ్యాగు అంటుకుని ఉంది. ఎన్నాళ్ళ నుంచో, సగం లోపలికి పీల్చుకుపోయి. ఆమె దాన్ని ముక్కలు ముక్కలుగా పీకి, జల్లెడను వేలితో రుద్ది, ధార వచ్చే రంధ్రంలో సన్నటి తీగ పెట్టి ఉప్పు గీకింది. క్యారీబ్యాగు ముక్కలను సుకుమార్ చేతిలో పెట్టింది.

"మీ అంగడి సరుకేనా తమ్ముడూ?"

"మాది ఇంకా మందం" అన్నాడు సుకుమార్.

అక్కడే కాసేపు ఆగి మోటారును చల్లారనిచ్చాం. ఆమె ముందుకు వెళ్ళి కూర్చున్నాక స్టార్టు చేశాడు. ఒకటే చిన్న కూత, తర్వాత నిశ్శబ్దం. ధార ఈసారి వేలంత లావున దూకింది. రోగం కుదిరింది. నేను కూడా "ఊఁ, నేను అనుకున్నదే" అన్నట్టు తల ఊపాను.

సుకుమార్‌కు ఉత్సాహం ఆగలేదు. రెండు నెలల తర్వాత అతని మోటారు నోరు మూసుకుని పరిగెత్తుతోంది. పిడి చివరిదాకా తిప్పేశాడు. పడవ ముక్కు గాలిలోకి లేచింది. "మెల్లిగా!" అని రూతమ్మ అరుస్తోంది. అతను ఒడ్డు వైపు గిర్రున తిప్పాడు, నిలబడే. పడవ ఒక పక్కకు ఒరిగింది. తెల్లచొక్కా నా కళ్ళముందు నుంచి వెళ్ళిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

నేను బల్ల మీద నుంచి అడుగున పడ్డాను. తల ఎత్తేసరికి పిడి దగ్గర ఎవరూ లేరు. మోటారు ఒక పక్కకు తిరిగిపోయి అదే వేగంతో అరుస్తోంది. పడవ సుకుమార్ చుట్టూ గుండ్రంగా తిరుగుతోంది. అతని తల నీళ్ళమీద తేలింది, మునిగింది, తేలింది. "బావా! బావా!" అంటున్నాడు. మేము అతనికి రెండు బారల దూరంలో నుంచి దూసుకుపోయాం.

ఒరిగిన పడవలో రూతమ్మ లేవలేకపోతోంది. మోకాళ్ళ మీద పాక్కుంటూ వస్తోంది.

"అన్నా, తాడు పీకు!"

"తాడు లేదు!" అని అరిచాను. "క్లిప్పు పెట్టాడు! నేను చూశాను!"

ఇన్నేళ్ళలో నేను అంత గట్టిగా ఒప్పుకున్న తప్పు ఇంకోటి లేదు.

"అయితే క్లిప్పు పీకు!"

మోటారు మీదికి వంగి క్లిప్పు పట్టుకున్నాను. తడిసి జారుతోంది. బలంగా లాగితే పుటుక్కున విరిగింది. సగం నా చేతిలోకి వచ్చింది, సగం గుండీ కిందే ఉండిపోయింది. పడవ రెండో చుట్టు తిరుగుతోంది. ఈసారి వలయం చిన్నదయింది. పక్కన సుకుమార్ తెరిచిన నోరు కనబడింది, అతని దంతాలు కనబడ్డాయి. పడవ వెనక నీళ్ళలో తిరుగుతున్న మోటారు రెక్కలకు అతను తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు. గోరుతో ఆ ముక్కను గీకాను. స్ప్రింగు వేలిని కోసింది. మళ్ళీ గీకాను. ముక్క ఎగిరి నీళ్ళలో పడింది, గుండీ లోపలికి దిగింది.

మోటారు ఆగింది. పడవ తనంతట తాను కొంచెం జారి, సుకుమార్‌కు చెయ్యి చాచితే అందేంత దూరంలో నిలిచింది.

"నేను పోతా ఉండాను బావా! వసంతక్కకు చెప్పు!" అని సుకుమార్ కేకలు పెడుతూనే ఉన్నాడు. వసంత అంటే మా ఆవిడ.

రూతమ్మ ఊపిరి తీసుకుని, "తమ్ముడూ, నిలబడు" అంది.

"ఆఁ?"

"కాళ్ళు కింద పెట్టు. నిలబడు."

అతను నిలబడ్డాడు. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. తలమీద పాచి ఉంది. ఇంకో సమయంలో అయితే నేను ఏడాది పాటు నవ్వేవాణ్ణి. ఆ రోజు వంగి చెయ్యి అందించాను.

అతన్ని పైకి లాగాం. తిరుగు ప్రయాణంలో పిడి రూతమ్మ పట్టుకుంది. కొక్కెం తన మణికట్టుకు చుట్టుకుంది. ఒడ్డుకు చేరాక నన్ను పక్కకు పిలిచింది.

"క్లిప్పు పెట్టేటప్పుడు నువ్వు చూస్తా ఉన్నావు కదన్నా?"

"అవును."

"ఒక్క మాట చెప్పలేదు."

"లేదు."

ఆమె తల ఊపి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

పన్నెండూ నలభైకి వ్యానులో సుకుమార్ మామగారింటివాళ్ళు దిగారు. పెద్దవాళ్ళు ఐదుగురు, పిల్లలు నలుగురు, అన్నం గిన్నెలు మూడు. సుకుమార్ బట్టలు ఇంకా ఆరలేదు. "ఊరికే, కొంచెం ఈత కొట్టినా" అన్నాడు.

ఏడేళ్ళ పిల్ల ఒకతె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "చిన్నాన్నా, వాచీ కట్టుకొనే ఈత కొట్టినావా?"

"అది వాటర్‌ప్రూఫ్ కన్నా. రండి రండి, బోటు రెడీ. రిపేరు అయిపోయింది."

పిల్లలు అప్పటికే పడవవైపు పరిగెత్తారు. రూతమ్మ వాళ్ళకు అడ్డంగా నిలబడింది. తాళంచెవి ఆమె పిడికిట్లో ఉంది.

"ఈ పొద్దు ఎవరూ ఎక్కేది లేదు."

సుకుమార్ ముఖం ఎర్రబడింది. "నీకెందుకమ్మా? నువ్వు బావకు పనిముట్లు మోసేదానికి వచ్చినావు. తాళం ఇటియ్యి."

రూతమ్మ మెల్లగా నావైపు తిరిగింది. "అట్లని చెప్పినావా అన్నా?"

తొమ్మిది మంది కొత్తవాళ్ళు, ముగ్గురు ముసలి జాలర్లు, తడిసిన బావమరిది. ఇంతమంది ముందు మాట్లాడవలసి వస్తుందని నేను ఇంట్లో బయలుదేరేటప్పుడు అనుకోలేదు. సుకుమార్ మామగారివైపు తిరిగి చెప్పాను.

"అయ్యా, మెకానిక్ ఈమె. నాకు పడవ మోటారు గురించి ఏమీ తెలియదు. కూత వైరు కోయమని ఫోనులో చెప్పింది నేను. సుకుమార్ తాడు తీసేసి క్లిప్పు పెడుతుంటే చూసి నవ్వింది నేను. అతను పడిపోయాడు, పడవ అతని మీదికే తిరిగింది. పిల్లలుంటే..." పిల్లల తల్లులు అప్పటికే వాళ్ళ చేతులు పట్టుకున్నారు.

మామగారు చాలాసేపు అల్లుడి బూట్లలోంచి కారుతున్న నీళ్ళు చూశారు. "అల్లుడుగారూ, భోజనం ఒడ్డునే చేద్దాం. గాలి బాగా వస్తా ఉంది" అన్నారు. రూతమ్మతో, "నువ్వు కూడా కూర్చో తల్లీ. ముందు నువ్వు తిను" అన్నారు. పులిహోర, పెరుగన్నం, చిప్స్. నాకు కూడా ఆకు వేశారు. సుకుమార్ నాకు దూరంగా, వీపు తిప్పి కూర్చుని తిన్నాడు.

రెండున్నర బస్సుకు మేమిద్దరం తిరిగి బయలుదేరాం. సంచి నేను పట్టుకుంటానన్నాను. "వద్దులే, పనిముట్లు పోతాయి" అంది. మూడూ నలభైకి పొన్నేరిలో రైలెక్కాం. మీంజూరు దాటేదాకా కూడదీసుకుని అన్నాను.

"రూతమ్మా, తప్పు నాది."

"తప్పు మాట సరే అన్నా. తాళం పక్కనే ఉంది కదా! అది తిప్పినా మోటారు ఆగేది. క్లిప్పు ఎందుకు గీకినావు?"

కట్టుకట్టిన వేలు చూసుకున్నాను. "మరి నువ్వు క్లిప్పు పీకమనే కదా అరిచావు" అన్నాను చివరికి.

"నాకూ ఆ గడబిడలో తాళం గుర్తు రాలేదు" అని ఆమె మొదటిసారి నవ్వింది. "అందుకేనన్నా ఆ తాడు పెట్టింది. గుర్తు రానోళ్ళ కోసం."

పళవేర్కాడు వెళ్ళదలచుకున్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. ఊరు బాగుంది, గాలి బాగుంది. పొన్నేరిలో పొంగలు తినండి, వడ జోలికి పోకండి. పడవ ఎక్కే ముందు మోటారు పక్కన ధార ఎంత లావుగా ఉందో, ఎర్రతాడు ఎవరికి కట్టి ఉందో చూడండి. బట్టల క్లిప్పు కనబడితే ఒడ్డునే కూర్చోండి. మోటారు కూస్తే ఎందుకు కూస్తోందో తెలిసినవాళ్ళను అడగండి. ఇంట్లో బావ ఉంటే అతన్ని మాత్రం అడగకండి.

తిరువొత్తియూరు దగ్గర ఫోను మోగింది. సుకుమార్. గొంతు కొంచెం తగ్గి ఉంది.

"బావా, ఆ అక్క పక్కన ఉండాదా?"

పొద్దున అమ్మ, సాయంత్రం అక్క. ఫోను స్పీకర్లో పెట్టాను.

"అక్కా, మా మామగారు చెప్తా ఉండారు, వచ్చే ఆదివారం నువ్వు నడిపేట్టయితేనే పిల్లల్ని పంపిస్తారంట. వస్తావా?"

రూతమ్మ ఆలోచించింది. పక్క సీట్లవాళ్ళు కూడా ఆలోచిస్తున్నట్టు ముందుకు వంగారు.

"వస్తా తమ్ముడూ. ఆ లైఫ్ జాకెట్లకు కవర్లు తీసెయ్యాల. పిల్లలు, పెద్దోళ్ళు, అందరూ వేసుకోవాల. తాడు నా చేతికే ఉంటాది. ఇంకో మాట కూడా ఉంది."

"చెప్పక్కా, ఏందైనా సరే."

"మీ బావను ఎక్కించగూడదు."

అవతలి నుంచి సుకుమార్ నవ్వు, ఆ రోజంతటిలో మొదటిసారి, ఫోను పగిలేలా వినబడింది. ఎదురు సీటులో ముగ్గురు నవ్వారు. ఒకాయన నన్ను వేలుపెట్టి చూపిస్తూ పక్కవాడికి తమిళంలో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. నేను దిగాల్సిన సెంట్రల్ ఇంకా చాలా దూరం ఉంది.